రెండు సూదులు, ఒక దారం

వార్షిక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, తరగతిలో చెప్పే పాఠాన్నే కాస్త సాగదీసి ఇద్దామనుకున్నాను. ఏటా చేస్తున్న పని అదే కదా! కానీ ఆ అబ్బాయి కళ్లు నా చేతిసంచీలోంచి తొంగిచూస్తున్న నీలం ఊలు ఉండ మీద పడ్డాయి. "ఇదేంది సార్, మేడమ్‌ది మీ సంచిలకొచ్చిందా?" అని నవ్వాడు. "కాదు నాయనా, నాదే. నేనే అల్లుతున్నాను" అన్నాను. నవ్వు టక్కున ఆగిపోయింది. ఏదో వినకూడనిది విన్నట్టు పక్కచూపులు చూశాడు. సరే, ఈసారి పాఠం వద్దు, ఈ వింత గురించే రాద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మే నెలలో 45 డిగ్రీలు దాటే నల్లగొండలో స్వెట్టరెందుకు, మఫ్లరెందుకు అని మీరడగవచ్చు. స్టాఫ్‌రూములో మిత్రులు ఇంతకంటే ఘాటుగానే అడిగారు. "రిటైర్మెంటు తర్వాత మీదుకాణం ఎక్కడ పెడుతున్నావు?" అన్నవారున్నారు. "ఆడవాళ్ల పని మనకెందుకయ్యా?" అని హితవు చెప్పినవారున్నారు. వీళ్లందరికీ నా జవాబు ఒక్కటే. నేను అల్లేది చలికి కాదు.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. మాది పోచంపల్లికి దగ్గరలోని ఒక నేత ఊరు. నా చిన్నప్పుడు అది నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. అమ్మ ఆసు పోసేది, చిటికి కట్టేది. పదో తరగతి దాకా బడి నుంచి రాగానే కండెలు చుట్టడం నా వంతు. కానీ మగ్గం గుంటలోకి దిగనిచ్చేవాడు కాదు నాన్న. "నీ చేతికి కలం రావాలె గని నాడె రావద్దు" అనేవాడు. ఆయన కోరుకున్నట్టే కలం వచ్చింది, చాక్‌పీసు వచ్చింది, జీతం వచ్చింది. నాడె మాత్రం రాలేదు. తాతల నాటి నుంచి చేతుల్లో నడిచివచ్చిన పని నా దగ్గర ఆగిపోయింది. ఆనాడు దానికి నేను బాధపడలేదు. బతికిపోయాననుకున్నాను.

నాకు 48 ఏళ్లున్నప్పుడు నాన్న పోయాడు. కర్మకాండలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయి, అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాక, అప్పుడు మొదలైంది నాకు అసలు బాధ. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, తెల్లవారేదాకా మళ్లీ నిద్ర పట్టేది కాదు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం మధ్యలో ఆగిపోయి, తర్వాతి మాట ఏమిటో గుర్తురాక, కిటికీలోంచి చూస్తూ నిలబడిన రోజులున్నాయి. ముందు బెంచీలవాళ్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు, వాళ్ల మర్యాదకు కృతజ్ఞుణ్ణి. డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందు ఇచ్చారు, కొంత గుణం కనిపించింది. కానీ సాయంకాలం ఇంటికి వచ్చాక భోజనం దాకా ఉండే ఆ రెండు మూడు గంటలు నా ప్రాణానికి కొండంత అయ్యేవి. చేతులు ఊరికే ఉండేవి. ఫోను పట్టుకుంటే గంట గడిచేది గానీ గడిచిన గంటలో ఏం చేశానంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మా పక్కింట్లో రిటైరైన కుట్లు అల్లికల టీచరమ్మ ఉంటారు. ఆమె మనవడు అమెరికాలో పుట్టాడు. అక్కడి మంచుకోసం ఇక్కడి ఎండలో కూచుని ఏటా ఒక స్వెట్టరు అల్లి పంపుతారు. 1962లో చైనా యుద్ధమప్పుడు దేశమంతటా ఆడవాళ్లు జవాన్లకోసం స్వెట్టర్లు అల్లారు కదా, అప్పుడు బళ్లో చదువుకుంటూ ఆమె కూడా ఒక మఫ్లరు అల్లి ఇచ్చారట. ఒక సాయంత్రం వాళ్ల అరుగు మీద కూచుని ఆ చేతుల వంక చూస్తున్నాను. కళ్లు వీధిలో, మాటలు మా అమ్మతో, వేళ్లు మాత్రం వాటి దారిన అవి. "నాకు నేర్పుతారా అమ్మా?" అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది ఆ మాట నా నోటివెంట వచ్చినందుకు. ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి రెండు పది నంబరు సూదులు, వాడగా మిగిలిన ఊలు తెచ్చి చేతిలో పెట్టారు.

ఊలు అల్లికలో ఉన్నవి రెండే రెండు కుట్లు. సీదా, ఉల్టా. ఎంత గొప్ప డిజైనైనా ఈ రెండింటి కలయికే. వినడానికి ఎంత సులువు! వారం రోజులు నాకు సీదా కూడా రాలేదు. 20 కుట్లు ఎక్కిస్తే వరస చివరికి 23 అయ్యేవి, పై వరసకు 19 అయ్యేవి. ఎక్కడ పెరిగాయో, ఎక్కడ జారాయో తెలిసేది కాదు. దారం ఎంత బిగించి పట్టుకున్నానంటే సూది కదలనే కదలదు. "గంత గట్టిగ పట్టుకుంటె ఎట్ల సారూ? దారం ఏమన్న పారిపోతదా?" అన్నారు టీచరమ్మ. ఆ మాట ఊలు గురించే అన్నారు. కానీ ఆ రాత్రి పడుకున్నాక అది నాకు మరోలా వినిపించింది. నాన్న పోయిన నాటి నుంచి పళ్లు బిగపట్టుకుని, భుజాలు బిగపట్టుకుని తిరుగుతున్నానని అప్పుడు గమనించాను.

ఈ అల్లిక నాకేమిచ్చిందో వరసగా చెబుతాను.

మొదటిది, తప్పును భయపడకుండా చూడటం. నేత వేరు, అల్లిక వేరు. నేతకు పడుగూ పేకా రెండూ కావాలి. ఇక్కడ ఉన్నది ఒకే దారం. ఆ దారమే తనలోంచి తాను ముడిలేని ఉచ్చుగా దూరి గుడ్డవుతుంది. అందుకే ఒక కుట్టు జారితే నిచ్చెన మెట్లలా కిందిదాకా జారిపోతుంది. కానీ అందుకే, ఓపికగా కొక్కెంతో ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించి సరిచేయవచ్చు కూడా. మరీ పాడైతే సూది లాగేసి, దారం గుంజి, ఉండ చుట్టి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. దారం ఎక్కడికీ పోదు. పరీక్షలో తప్పితే ఏడాది పోయిందని, ఉద్యోగం రాకపోతే జీవితమే పోయిందని నేర్పే చదువులో ఉన్నవాళ్లం మనం. చేసిన తప్పును విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చునని నాకు ఏ పుస్తకమూ ఇంత నిదానంగా చెప్పలేదు.

రెండవది, మళ్లీ విద్యార్థినవడం. పాతికేళ్లుగా ఇతరులకు చెప్పేవాణ్ణే గానీ, ఏమీ రాని మనిషిగా ఎవరి ముందూ కూర్చోలేదు. "అర్థమైందా?" అని టీచరమ్మ అడిగితే, కాకపోయినా "అయింది" అని తల ఊపాను! మా వెనక బెంచీ పిల్లలు ఎందుకు అలా తల ఊపుతారో ఆనాడు తెలిసింది. అప్పటి నుంచి తరగతిలో "అర్థమైందా?" అని అడగటం మానేశాను. "ఎక్కడ జారింది?" అని అడుగుతున్నాను.

మూడవది లయ. 40 కుట్లు అటు, 40 కుట్లు ఇటు. లెక్క తప్పకూడదు గనక మనసు పూర్తిగా ఎటూ పారిపోలేదు. పని తేలిక గనక మనసు మీద బరువూ ఉండదు. దుఃఖం పోలేదు, అబద్ధం చెప్పను. కానీ దుఃఖం పక్కన కూచోవడానికి కాస్త చోటు దొరికింది. నెలన్నర గడిచాక ఒక రోజు తెల్లవారి ఆరింటికి మెలకువ వచ్చి, ఓహో రాత్రి లేవలేదే అనుకున్నాను.

నాలుగవది, నేను అనుకోనిది. మా అమ్మ మాట్లాడసాగింది. ఎదురెదురుగా కూచుని "అమ్మా, ఎట్లున్నవ్?" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అనే ఒక్క ముక్కతో సరిపెట్టేది. నా చూపు సూదుల మీద ఉంటే మాత్రం ఆమె నోరు విప్పేది. పెళ్లయిన కొత్తలో నాన్న తనకోసం దాచి ఉంచిన చీర సంగతి, ఒక ఎండాకాలం నూలు దొరకక మగ్గం ఖాళీగా ఉన్న సంగతి, నన్ను పైచదువుకు పంపడానికి ఏం అమ్మారో ఆ సంగతి. యాభై ఏళ్లు వస్తున్న కొడుకు తండ్రిని గురించి తెలుసుకోవలసింది ఇంత ఉందా అనిపించింది. ముఖంలోకి చూస్తూ చెప్పలేని మాటలు చేతులు పనిలో ఉంటే వస్తాయి. ఇది మా ఇంటి రహస్యమేమీ కాదు. బీడీలు చుట్టే చోట, వరి నాటే చోట, బియ్యం ఏరే చోట మన ఆడవాళ్లు తరతరాలుగా ఎరిగినదే.

ఇదంతా నా ఒక్కడి భ్రమేమో అని లైబ్రరీలో వెతికాను, అధ్యాపకుడి అలవాటు ఎక్కడికి పోతుంది! జిల్ రైలీ, బెట్సన్ కార్క్‌హిల్, క్లేర్ మోరిస్ అనే పరిశోధకులు 31 దేశాలకు చెందిన 3,545 మంది ఊలు అల్లేవారిని ప్రశ్నించి, ఫలితాలను 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీలో ప్రకటించారు. ఎంత తరచుగా అల్లుతారో అంతగా ప్రశాంతంగా, సంతోషంగా ఉంటామని ఆ జవాబుల్లో తేలింది. నలుగురితో కూచుని అల్లడంలో మేలు ఇంకా ఉందన్నారు. అయితే ఒక మాట మరువరాదు. అల్లికంటే ఇష్టం ఉన్నవాళ్లే అటువంటి ప్రశ్నలకు జవాబులు రాస్తారు. విసుగుపుట్టి సూదులు పక్కన పడేసినవాళ్లు రాయరు. కనక దీన్ని సర్వరోగ నివారిణిగా నేను అమ్మబోవడం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి నేను జంకింది దీనికోసమే.

నా మొదటి మఫ్లరు పూర్తయిన రోజున సరదాకు లెక్కవేశాను. వరసకు 40 కుట్లు, మొత్తం 450 వరసలు. 18,000 కుట్లు. పొడవు నాలుగున్నర అడుగులు, పట్టిన కాలం మూడు నెలలు. గర్వంగా అమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "నేను దినాం గంత పోసిన బిడ్డా. నాకు మనసు నిమ్మళం కాలె, భుజం ఇరిగింది" అంది.

ఆసు పోయడమంటే ఏమిటో చూడనివారికి చెప్పాలి. చిటికి కట్టేముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు పోయి రావాలి. రోజుకు రెండు చీరలైతే 18,000. నా మూడు నెలల మఫ్లరు మా అమ్మకు ఒక రోజు! ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ పడే ఈ బాధను చూడలేకనే ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చేనాటికి మా అమ్మ భుజం అప్పటికే పోయింది.

కాబట్టి, చేతిపని మనసుకు హాయి అని ఎవరైనా ఊరికే పాడితే నాకు ఒళ్లు మండుతుంది. పోచంపల్లిలో, పుట్టపాకలో, కొయ్యలగూడెంలో, గద్వాలలో, నారాయణపేటలో మగ్గం మీద కూచున్నవాళ్లను చూసి "ఆహా, ఎంత ప్రశాంతమైన వృత్తి!" అనేవాళ్లు ఆ ఇంటి అప్పు పద్దు చూడరు. మన జిల్లాల్లో అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న నేతన్నలు ఉన్నారు. వాళ్ల చేతుల్లో మనందరి చేతులకన్నా ఎక్కువ లయ ఉంది. అది వాళ్లను కాపాడలేదు. వాళ్లకు కావలసింది గిట్టుబాటు కూలి, సకాలంలో నూలు, మల్లేశం వంటివారి బుర్ర. ప్రశాంతతను గురించిన ఉపన్యాసం కాదు.

మరి అవే చేతులు, అదే దారం. నాకు మందైనది అమ్మకు నొప్పి ఎందుకైంది? చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలను. అమ్మ ఆపలేదు. ఆపితే ఆ వారం కూలి లేదు. నేను తప్పు అల్లితే విప్పుకుంటాను, ఆమె తప్పు పోస్తే చీర పాడు, కూలి కోత. పనిలో హాయి పనిలోనే లేదు, ఆ పని మీద మనకున్న అధికారంలో ఉంది. ఇదే మాట అమ్మతో అంటే ఒప్పుకుంటూనే ఇంకొకటి కలిపింది. "చిటికి కట్టేటప్పుడు మాత్రం మంచిగనిపిస్తుండె. పువ్వు ఎట్ల వస్తదో అని మనసు దాని మీదనే ఉంటుండె. నలుగురం కూసొని కడ్తుంటిమి" అంది. అంటే బుర్రకు పని ఉండి, పక్కన మనుషులు ఉన్నచోట ఆమెకూ ఆ సుఖం దొరికిందన్నమాట. చెయ్యి ఒక్కటే యంత్రంలా తిరిగిన చోట దొరకలేదు. ఆ పనిని నిజంగానే యంత్రానికి ఇవ్వవలసిందే. మిగిలినదాన్ని మనం వదులుకోకూడదు.

ఇది ఆడవాళ్ల పని అనే మిత్రులకు ఒక మాట. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కురుమవారి ఇళ్లలో ఆడవాళ్లు నల్లగొర్రెల ఉన్ని వడికితే, చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద గొంగడి నేసేది మగవాళ్లే. పెరూ దేశంలో తితికాకా సరస్సు మధ్య టకీలె అనే ద్వీపం ఉంది. అక్కడ ఊలు టోపీలు అల్లేది మగవాళ్లు, చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఆ ద్వీపపు వస్త్రకళను 2005లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. సూదికి ఆడా మగా లేదు. సిగ్గు మన కళ్లలో ఉంది.

1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అన్నారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం బడుల్లో సమాజోపయోగకరమైన ఉత్పాదక పని ఉండాలంది. టైంటేబులులో క్రాఫ్టు పీరియడ్ అని రాసుకున్నాం. చివరికి ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎత్తుకుపోయాడు! ఇంటరుకు వచ్చేసరికి చేతులకు మిగిలింది పెన్నూ, ఫోనూ. చేతులతో ఏదీ మొదలుపెట్టి పూర్తిచేయని యువకుడికి "నేను చేయగలను" అన్న ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? మార్కుల జాబితాలోంచి మాత్రమే రావాలి. ఆ జాబితా బాగా లేని రోజున ఏం గతి? ఆ ప్రశ్న మన రాష్ట్రంలో ఏటా ఫలితాల రోజున ఎన్ని ఇళ్లలో ఏడుపుగా మారుతోందో మీకు తెలియనిది కాదు.

అందుకని విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. సాంస్కృతిక వారోత్సవాలకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, వారానికి ఒక సాయంత్రం, ఒక గది, చేతిపనికి కేటాయించండి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి. ఊలే కానక్కరలేదు. చిటికి కట్టడం, గొంగడి ఉన్ని వడకడం, బుట్ట అల్లడం, ఏదైనా సరే. మన చుట్టుపక్కలే గొప్ప గురువులున్నారు. వారిని పిలిపించండి. అయితే శాలువా కప్పి పంపకండి, గెస్టు లెక్చరరుకు ఇచ్చినట్టు డబ్బు ఇచ్చి పంపండి. ఆ పనికి మార్కులు వేయవద్దు, పోటీలు పెట్టవద్దు, సర్టిఫికెట్లు అసలే వద్దు. ఆపాలనుకున్నవాడు ఆపేసే స్వేచ్ఛ ఉండాలి. అది పోయిన రోజున అది మరో పీరియడ్ అవుతుంది.

ఇంకొక మాట. మనసు మరీ కుంగి, బతకాలని లేదనిపించే స్థితి ఉన్నవారికి ఊలు ఉండ చాలదు. నాకు ముందు డాక్టరు, తర్వాతే సూదులు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును ఈ సంచికలో అట్టలోపల కూడా వేయమని సంపాదకులను కోరుతున్నాను.

చివరగా ఆ మఫ్లరు సంగతి. ఒక అంచు వంకర, మధ్యలో రెండు చోట్ల చిన్న చిల్లులు. విప్పేసి మళ్లీ అల్లుదామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. నీ చేతిది" అని తీసుకుంది. డిసెంబరు పొద్దున్నే నొప్పి భుజం మీద కప్పుకుని అరుగు మీద కూచుంటుంది. నాన్న మగ్గం మీద వచ్చినంత నున్నగా అది లేదని మా ఇద్దరికీ తెలుసు. కలం తప్ప మరేదీ వద్దన్న చేతికి నాన్న ఉండగానే ఒక్కనాడు ఆ నాడె ఇచ్చిఉంటే బాగుండేదని నేను అనుకుంటాను. ఆమె ఏమనుకుంటుందో అడగలేదు. ఏదో ఒక సాయంత్రం తనే చెబుతుంది.

విద్యార్థి మిత్రులారా! నా సంచీలో ఎప్పుడూ ఒక జత సూదులు అదనంగా ఉంటున్నాయి. నవ్వేవాళ్లు నవ్వండి, నేర్చుకుంటామనేవాళ్లు రండి. నవ్వినవాళ్లు కూడా తర్వాత రావచ్చు. మన కార్యదర్శి ఇప్పటికి 12 వరసలు అల్లాడు.